సొంబారి పలకలేదు

రష్యా సినిమా చూడటానికి నేను వెళ్లింది సినిమా మీద ఇష్టంతో కాదు. మా తమ్ముడి కూతురు జ్యోతి అరకులో కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. నెలకో శనివారం మధ్యాహ్నం సెమినారు గది కిటికీలకు నల్లగుడ్డలు కట్టి పిల్లలకు ఏదో ఒక పరదేశపు సినిమా వేస్తుంది. రిటైరై ఇంట్లో కూర్చున్న మేనత్తను ఆ వంకతోనైనా గుమ్మం దాటిద్దామని దాని ఆలోచన. "కింద ఇంగ్లీషులో మాటలు పడతాయి అత్తా, నీకు కష్టమేం ఉండదు. కడుపుబ్బ నవ్వొచ్చే సినిమా," అంది. సినిమా పేరు రెండుసార్లు చెప్పింది గాని నాకు నోరు తిరగలేదు. వెనక వరసలో గోడవార కూర్చున్నాను. బయట సన్నగా చినుకులు పడుతున్నాయి. గది నిండా తడిసిన చెప్పుల వాసన, పిల్లల తలల్లోంచి కొబ్బరినూనె వాసన.

కథ చెప్పాలంటే చాలా చిన్నది. ఎప్పుడూ మంచు కురుస్తూ ఉండే ఒక ఊరు. ఊరంతటికీ బతుకుతెరువు ఒక ఇటుకల ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీకి ఒక బ్యాండు మేళం, అందులో బూర ఊదే ఒక లావుపాటి మనిషి. పాట అయిపోయి అందరూ బూరలు దించేశాక కూడా ఆయన బూర ఒక్కటే ఇంకాస్త సేపు మోగుతుంది. ఆయనకు పొగరేమీ లేదు. ఊపిరి ఇంకా మిగిలి ఉంది కాబట్టి ఊదుతాడు, అంతే. ఊళ్లోవాళ్లు మొదట నవ్వుతారు. తర్వాత పైనుంచి అధికారులు దిగుతారు. డాక్టరు టేపు పెట్టి ఆయన ఛాతీ కొలుస్తాడు. గాలి తక్కువ పడుతుందేమోనని పెళ్లాం ఏడుస్తూ ఆయన చొక్కాలన్నీ బిగుతుగా కుట్టేస్తుంది. పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి ఫ్యాక్టరీలో మీటింగు పెట్టి, ఈయన ఊదేది తప్పు అన్నవాళ్లు చేతులెత్తండి అంటారు. రోజూ మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని రొట్టె పంచుకు తినే ఒక ఆడమనిషి ఉంటుంది. బొమ్మ ఆవిడ మీద ఆగుతుంది. ఆవిడ ఎడమ పక్కకు చూస్తుంది, కుడి పక్కకు చూస్తుంది, తల గోక్కుంటున్నట్టు చెయ్యి చెవిదాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి మెల్లగా పైకెత్తుతుంది. అది కూడా నవ్వించడానికే తీశారు, పిల్లలు నవ్వారు కూడా. నేను మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత తెర మీద ఏం జరిగిందో నేను సరిగ్గా చూడనేలేదు. ఆయన చివరికి అందరితోపాటే ఆపడం నేర్చుకున్నాడని జ్యోతి తర్వాత చెప్పింది.

దీపాలు వేశాక జ్యోతి బోర్డు మీద వ్యక్తిత్వం అని పెద్ద అక్షరాలతో రాసి, ఎవరికి ఏమనిపించిందో చెప్పమంది. ఇద్దరు ముగ్గురు పరీక్షకు రాసినట్టు ఏవో చెప్పారు. ముందు వరసలో ఒక అమ్మాయి లేచి, "అంత గొడవెందుకు మేడమ్? ఆ చిన్న ముక్క ఆపేస్తే ఆయనకేం పోయేది?" అంది. వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. జ్యోతి నవ్వి, "మా అత్తని అడుగుదాం. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పింది," అని నా వైపు చూపించింది. తలలన్నీ నా వైపు తిరిగాయి. తలనొప్పిగా ఉందని చెప్పి బయటికొచ్చేశాను. వరండాలో నిలబడి చినుకులు చూశాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే, దాదాపు అవే మాటలతో, పదేళ్ల వయసులో నేను ఒకరిని అడిగాను. ఆమె పేరు సొంబారి.

మా ఊరు పాచిపెంటకు పైన, కొండల్లో. ఇరవై గడప ఉండేది. ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని రెండు వరసలు, నడుమ వీధి. మా ఇంటికీ సొంబారి వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. అటు పక్క రోట్లో సోళ్లు, అదే రాగులు, దంచితే ఇటు పక్క మా అటక మీది కుండలు కదిలేవి. పొద్దున్నే రెండిళ్ల పొగా కలిసి ఒకే పొగగా కప్పులోంచి లేచేది. సోళ్ల అంబలి అడ్డాకు దొప్పలో పోసుకుని, మెతుకు తగలకపోయినా, వేడి చల్లారకముందే, వీధిలో ఎండ పడే చోట కూర్చుని తాగేవాళ్లం. చలికాలం వస్తే పసుపు కొమ్ములు ఉడకేసేవారు. ఆ వాసన ఒంటికీ, జుట్టుకీ, కప్పుకునే గుడ్డకీ పట్టేసి వేసవి దాకా వదిలేది కాదు. వానాకాలం నడిమికి గింజలు అయిపోయేవి. అప్పుడు మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడిని ఏటి నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఆ పిండితో గంజి కాచేవారు. ఎంత నానబెట్టినా వగరు పోయేది కాదు. ఆ వగరు నాలుక మీద ఉండగానే నిద్రపోయేవాళ్లం. ఇప్పుడు అరకు హోటళ్లలో కొండవాళ్ల పాతకాలపు తిండి అని మట్టి మూకుళ్లలో ఏవేవో వడ్డిస్తారు. టెంక గంజి మాత్రం ఎవరి పట్టీలోనూ లేదు.

సొంబారి నాయనమ్మ ఆ వీధికంతటికీ పెద్ద దిక్కు. చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చేది. ఆ చుట్ట పళ్ల మధ్య ఉండగానే మాట్లాడేది, తిట్టేది, పాట పాడేది, ఒక్క నిప్పురవ్వ కూడా నాలుక మీద పడేది కాదు. ఆమెకు తేదీ తెలియదు, నెల తెలియదు. ఏ రోజు ఏ సంతో తెలుసు. పిల్ల పుడితే ఆ రోజు వారం చూసి పేరు పెట్టేసేది. నేను బుధవారం పుట్టాను కాబట్టి బుద్రిని. అది సోమవారం పుట్టింది కాబట్టి సొంబారి. ఊళ్లో సొంబారిలు ముగ్గురు ఉండేవారు, అయినా ఎవరూ ఎప్పుడూ తికమకపడలేదు. ముసలామె ఒక్కొక్కరిని ఒక్కో రాగంలో పిలిచేది. మిట్టమీది సొంబారిని పిలిస్తే మాట పొట్టిగా తెగేది. మనవరాలిని పిలిచేటప్పుడు మాత్రం చివర గొంతు పైకి లేచి కాసేపు అక్కడే నిలిచేది. వాగు అవతల మేకల దగ్గర ఉన్నా ఇది "ఓయ్" అనేది. పేరు ముగ్గురిది, పిలుపు మాత్రం ఎవరిది వాళ్లదే. అది అప్పుడు నాకు తెలియలేదు. తెలిసేనాటికి నేను నా పేరే పోగొట్టుకుని ఉన్నాను.

మమ్మల్నిద్దరినీ ఎనిమిదో ఏట కొండ దింపి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో వేశారు. నిజం చెప్పాలి, నాకు ఆ బడి చాలా నచ్చింది. రోజుకు రెండు పూటలా వరి అన్నం. ఒక రేకు పెట్టె, ఒక కంచం, రెండు నీలం లంగాలు, రెండు తెల్ల జాకెట్లు. సబ్బు వాసన. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం. కడుపు నిండితే మనిషికి ఎంత ధైర్యం వస్తుందో అప్పుడే తెలిసింది నాకు. వార్డెను మేడమ్ విజయనగరం వైపు మనిషి. పెళ్లి కాలేదు. తెల్లచీర, గట్టిగా దువ్విన జడ, చేతికి ఒకే ఒక్క గాజు. ఆదివారం మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, తన చేత్తో అందరికీ పేలు చూసి తలంట్లు పోసేది. ఎవరికైనా జ్వరం వస్తే తన గదిలోనే పడుకోబెట్టుకునేది. ఆమె చెడ్డది అని రాసేస్తే నాకు ఈ కథ చెప్పడం చాలా సులువయ్యేది.

మేం అయిదో తరగతికి వచ్చిన ఏడాది పై ఆఫీసు నుంచి కొత్త రిజిస్టర్లు వచ్చాయి. మేడమ్ హాజరు పట్టీ చూసి తల పట్టుకుంది. "ముగ్గురు సొంబారిలు, ఇద్దరు బుద్రిలు, నలుగురు సుక్రిలు. ఇది రిజిస్టరా, క్యాలెండరా?" అంది. మేం నవ్వాం. "మీరు రేపు పెద్ద చదువులు చదివి కిందకు వెళ్తారమ్మా. అక్కడ వాళ్లకు ఈ పేర్లు నోరు తిరగవు, నవ్వుతారు మిమ్మల్ని. మంచి పేర్లు పెడతాను," అంది. ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, మొహం చూసి, పేరు పెట్టింది. నాకు భారతి అని పెట్టింది. ఆ పేరు నోట్లో పెట్టుకుంటే పటికబెల్లంలా ఉంది నాకు. రోజంతా పలక మీద రాసుకుంటూ, తుడుచుకుంటూ కూర్చున్నాను. సొంబారి వంతు వచ్చినప్పుడు మేడమ్ కలం పక్కన పెట్టింది. దాని గెడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, "నువ్వు సరోజిని," అంది, ఎప్పుడూ లేనంత మెత్తగా. అది ఆమె చనిపోయిన చెల్లెలి పేరని వంట చేసే అప్పలమ్మ మాకు చాలా రోజుల తర్వాత చెప్పింది. పచ్చకామెర్లొచ్చి పదకొండేళ్లకే పోయిందట. సొంబారికి ఆ పిల్ల పోలికలు ఉన్నాయట.

మర్నాడు హాజరు పిలిచినప్పుడు అందరం కొత్త పేర్లకు "ప్రెజెంట్ మేడమ్" అన్నాం. సరోజిని అన్న పిలుపుకు ఎవరూ పలకలేదు. మేడమ్ కళ్లద్దాల పైనుంచి చూసి, "నిన్నేనమ్మా," అంది. సొంబారి లేచి నిలబడింది గాని నోరు విప్పలేదు. మరచిపోయిందనుకుని మేడమ్ నవ్వింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వారం తర్వాత మేడమ్ నవ్వడం మానేసింది. "ఎందుకు పలకవు?" అని గట్టిగా అడిగింది. సొంబారి తల వంచుకునే, "ఆ పేరుగల గుంట వొత్తే పలుకుతాది మేడమ్. నేను సొంబారిని," అంది. పొగరుగా చెప్పలేదు. దారి అడిగినవాళ్లకు దారి చెప్పినట్టు చెప్పింది. ఆ రోజు దాన్ని మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టారు. సాయంత్రం వాగు దగ్గర కంచాలు తోముకుంటూ నేను అడిగాను.

"పలికేత్తే ఏటి పోతాదే? ఒక్క ముక్కే కదా?"

అది కంచం లోపల బూడిద రుద్దడం ఆపలేదు. "మరి మా నాయనమ్మ వొచ్చి సొంబారీ అని పిలిత్తే ఎవులు పలుకుతారే?" అంది.

జవాబు తెలియనప్పుడు పెద్దవాళ్లకు కోపం వచ్చినట్టే నాకూ వచ్చింది. అప్పటికి నన్ను క్లాసు లీడరును చేశారు. హాజరు పట్టీ మేడమ్ గదిలోంచి తెచ్చిపెట్టే పని నాదే. దీని మొండితనం వల్ల మేడమ్ రోజూ చిరాకుగా ఉంటోందని, అందరికీ తిట్లు పడుతున్నాయని నాకు దాని మీద మంటగా ఉండేది.

ఒక మధ్యాహ్నం అన్నాలకు ముందు మేడమ్ పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టింది. కంచాలు ముందు ఉన్నాయి, అన్నం ఇంకా వడ్డించలేదు. సాంబారు వాసన వస్తోంది. సొంబారిని మధ్యలో నిలబెట్టి, "నేను చెప్తే వినడం లేదు కదా, మీరే చెప్పండి. దీని పేరు సరోజిని అన్నవాళ్లు చేతులెత్తండి," అంది. ఒక్కొక్క చెయ్యీ లేచింది. చిన్న తరగతి పిల్లలైతే ఆకలికి రెండు చేతులూ ఎత్తేశారు. నేను చివరిదాకా ఆగాను. ఆగడం ధైర్యం అని ఎవరైనా అనుకుంటారేమో, అది లెక్కలోకి రాదు. ఎడమ పక్కకు చూశాను. కుడి పక్కకు చూశాను. చెవి దగ్గర జుట్టు సర్దుకుంటున్నట్టు చెయ్యి తీసుకెళ్లి, ఎత్తాను. అంత మందిలో సొంబారి ఇంకెవరి వైపూ చూడలేదు. నా వైపే చూస్తోంది. ఆ తర్వాత అన్నం వడ్డించారు. నేను రెండోసారి కూడా పెట్టించుకు తిన్నాను.

ఆ రోజు నుంచి ఎవరైనా దాన్ని పాత పేరుతో పిలిస్తే ఆ పూట అన్నం ఉండదని మేడమ్ చెప్పింది. కొత్త పేరుతో పిలిస్తే అది పలకదు. దాంతో దాన్ని ఎవరూ ఏ పేరుతోనూ పిలవడం మానేశారు. "ఏయ్", "ఒలే" అనేవారు, లేకపోతే భుజం తట్టేవారు. నెల పైనే అలా గడిచింది. తలంటు రోజున కూడా మేడమ్ దాని తల దగ్గరకు వచ్చేసరికి మాట్లాడకుండా నూనె రాసి పంపేసేది. ఒక ఉదయం వాగు దగ్గర నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు వెనక నుంచి "బుద్రీ" అని వినపడింది. చిన్నగా, ఎవరికీ వినపడకుండా పిలిచింది. దానికి ఏదో చెప్పుకోవాలని ఉండి ఉంటుంది. లేదా ఎవరి పేరైనా సరే, ఒక పేరు పెట్టి పిలవాలని మాత్రమే ఉండి ఉంటుంది. నేను వెనక్కి తిరగలేదు. కంచం కడుక్కుని, నీళ్లు విదిలించి, గట్టెక్కి వచ్చేశాను. చేతులెత్తించింది మేడమ్ అని చెప్పుకోవచ్చు. ఆ ఉదయం మాత్రం అక్కడ మేడమ్ లేదు.

మూడోనాడు సొంబారి బడిలో లేదు. పెట్టె, కంచం, నీలం లంగాలు మడత పెట్టి అక్కడే వదిలేసి, వచ్చేటప్పుడు కట్టుకొచ్చిన గుడ్డతో కొండెక్కి వెళ్లిపోయింది. మేడమ్ ఆ రోజంతా అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే నన్నూ అప్పలమ్మనూ పంపించింది. "తిట్టనని చెప్పండి. కొట్టనని చెప్పండి. తీసుకురండి," అంది. గుమ్మం దాటుతుంటే నన్ను వెనక్కి పిలిచి, "భారతీ, అక్కడ కూడా సరోజిని అనే పిలవాలి. ఇప్పుడు తగ్గామంటే ఇంకెప్పటికీ దారికి రాదు," అని చెప్పింది. సరేనన్నాను.

మధ్యాహ్నానికి మా ఊరు చేరాం. మా ఇంట్లో ఎవరూ లేరు, పొలానికి పోయారు. పక్కింటి అరుగు మీద సొంబారి నాయనమ్మ చుట్ట నోట్లో పెట్టుకుని అడ్డాకులు కుడుతోంది. తలుపు ఓరగా వేసి ఉంది. అప్పలమ్మ ఆయాసంతో కూలబడిపోయి, "నువ్వే అడుగు తల్లీ," అంది.

"సరోజిని ఉందా?" అన్నాను.

ముసలామె తలెత్తి నన్ను ఎగాదిగా చూసింది. "ఎవులే?"

"సరోజిని."

"ఆ పేరుగలోలు మా ఊర్లో నేరమ్మా," అంది. నన్ను పుట్టిన్నాటి నుంచి ఎత్తుకు తిరిగిన మనిషి, పరాయి ఊరి పిల్లతో మాట్లాడినట్టు మర్యాదగా చెప్పింది. "కింద ఊర్లో అడుగు. ఆల్లకి ఉంటాయి అలగటి పేర్లు."

అప్పలమ్మకు నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. తలుపు సందులో, చీకట్లో, సొంబారి పాదాలు కనిపిస్తున్నాయి నాకు. వేళ్లు కూడా గుర్తుపట్టగలను. గోడ ఒకటే ఉన్న ఇళ్లలో పెరిగిన వాళ్లం. మరోసారి అడిగాను, ఇంకాస్త గట్టిగా, "సరోజిని ఉందా?" అని. ఆ పాదాలు కదల్లేదు. నోటి చివర సొంబారి అన్న మాట ఉంది. అంటే చాలు. ఎవరూ వినరు, అప్పలమ్మ మేడమ్‌తో చెప్పదు. అనలేదు. కొండ దిగి వచ్చి, "అక్కడ లేదు మేడమ్," అని చెప్పాను.

మేడమ్ ఆ ఏడాదంతా రిజిస్టరులో ఆ పేరు కొట్టెయ్యలేదు. రోజూ పొద్దున్న హాజరులో సరోజిని అని పిలిచేది, ఒక్క క్షణం ఆగేది, తర్వాతి పేరుకు పోయేది. ఏడాది చివర, పరీక్షలు రాయకపోయినా, సరోజిని అయిదో తరగతి పాసైందని ఒక సర్టిఫికెట్ రాసి అప్పలమ్మతో కొండ మీదికి పంపింది. ఆమె చెయ్యగలిగిన మంచి అదేననుకుంది. నేను టీచరు ట్రైనింగులో ఉండగా ఆమె బదిలీ మీద వెళ్లిపోయిందని విన్నాను. మళ్లీ చూడలేదు.

నేను మాత్రం చదువుకున్నాను, ఉద్యోగం చేశాను. అడ్డతీగల వైపు కొన్నాళ్లు, అరకు వైపు ఎక్కువ కాలం, అన్నీ ఆశ్రమ పాఠశాలలే. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. నేనూ పేర్లు మార్చాను. సుక్రిని సుకన్య చేశాను, మంగ్లిని మాధవి చేశాను. రేపు కిందికెళ్తే నవ్వుతారమ్మా అని, మేడమ్ అన్న మాటలే, ఆమె గొంతుతోనే అన్నాను. నా దగ్గర మొండికేసిన పిల్ల ఒక్కతీ లేదు. అందరూ వెంటనే పలికారు. మంచి టీచరునని నాకు పేరొచ్చింది. ఇప్పుడు అరకు రోడ్డు మీద కాఫీ పొడి పొట్లాల మీద నుదుట పచ్చబొట్టు ఉన్న ముసలమ్మల ఫొటోలు అచ్చేస్తారు. కొండ పేరు ఉంటుంది, గింజ రకం ఉంటుంది, ఎంత ఎత్తులో పండిందో కూడా ఉంటుంది. ఆ ముసలమ్మ పేరు ఉండదు. హోటలు ముందు ఒకే రంగు చీరలు కట్టించి, టూరిస్టులు వచ్చినప్పుడల్లా మా ఆడవాళ్ల చేత దింసా ఆడిస్తారు. అది చూసినప్పుడు లోకాన్ని తిట్టుకోవడం నాకు అలవాటు. లోకానికి ఆ చీరలు మడత పెట్టి అందించినవాళ్లలో నేనూ ఉన్నానని సినిమా చూసేదాకా అనుకోలేదు.

ఆ తర్వాతి వారమే బయలుదేరాను. బస్సులు మారి సాలూరు, అక్కడి నుంచి ఆటోలో పాచిపెంట, అక్కడి నుంచి కొండ మీదికి జీపు. సాలూరు మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో, ఒక్కసారైనా ఆ కొండ ఎక్కలేదు. అమ్మానాన్నా పోయాక తమ్ముడు అరకు వచ్చేశాడు, ఇంకెవరున్నారు అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఎవరున్నారో నాకు బాగానే తెలుసు. మా ఇల్లు ఉన్న చోట ఇప్పుడు కాఫీ మొక్కల నర్సరీ ఉంది. పక్కింటి ముందు కళ్లంలో ఒక ముసలామె చేటతో సోళ్లు చెరుగుతోంది. నుదుటి మీద పచ్చబొట్టు, చెంపల మీద ముడతలు. చేట ఆపకుండానే, "ఎవులు?" అంది.

"బుద్రిని."

"ఏ బుద్రి? మా బుద్రిలు ఇద్దరూ సచ్చిపోనారు," అంది. తర్వాత చేట కింద పెట్టి కళ్లు చిట్లించి చూసింది. "ఓలమ్మ! భారతి మేస్టారమ్మవేటి? కూకో."

కూర్చున్నాను. ఆమె కోడలు నీళ్లిచ్చింది. ఎంతో దూరం నుంచి మోసుకొచ్చిన మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. ఆ రోజు చెయ్యెత్తినందుకు అన్నాను. వాగు దగ్గర తిరగనందుకు అన్నాను. నీలాంటి ధైర్యం నాకు లేకపోయింది అన్నాను. సొంబారి సోళ్లలో రాళ్లు ఏరుతూ విన్నది.

"ధైర్యమేటి?" అంది చివరికి. "నాకు రావాలనే ఉండీది. బడిలో బువ్వ ఉండీది కదా. మా ఇంట్లో ఆ యేడు టెంక గంజి కూడా నేదు. నీవు వొచ్చినావని తలుపు ఎనక నిలబడినాను. ఒక్కపాలి పిలిత్తే వొచ్చీదాన్ని."

ఇన్నేళ్లూ నేను దాన్ని ఒక శిలావిగ్రహంలా మనసులో నిలబెట్టుకుని నా తప్పును కూడా కొంచెం గొప్పది చేసుకున్నాను. అక్కడ ఉన్నది ఆకలితో, పిలుపు కోసం చూస్తూ ఉన్న పదేళ్ల పిల్ల.

ఇంతలో కోడలు లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒడిలో పెట్టింది. "మేస్టారమ్మా, దేవుడు పంపినట్టు వొచ్చినారు," అంది. కవరులో మేడమ్ రాసిచ్చిన సర్టిఫికెట్ ఉంది, అట్ట వేయించి. ఆధార్ కార్డు ఇచ్చేటప్పుడు వయసుకు రుజువు ఇంకేదీ లేక అది చూపించారట. అందుకని కార్డు మీద, రేషను మీద, పింఛను మీద అంతా సరోజిని. పోడు భూమికి పట్టా ఇచ్చినప్పుడు మాత్రం ఊరి పెద్దలు నోటితో చెప్పిన పేరు రాసుకున్నారు కాబట్టి అందులో సొంబారి. ఆ భూమిలో పండిన కాఫీ పళ్లు అమ్ముకోవడానికి పెట్టిన కాగితాన్ని, ఇద్దరూ వేరు వేరు మనుషులని ఆఫీసులో వెనక్కి కొట్టారట. భూమి ఒకరిది, మనిషి ఇంకొకరు. చిన్నప్పుడు కలిసి చదువుకున్నవాళ్లు ఎవరైనా, అందులోనూ ఉద్యోగం చేసినవాళ్లు, సంతకం పెడితే సరిపోతుందన్నారట.

"మీకు కబురెడదామంటే అత్త ఒద్దన్నాది," అంది కోడలు.

కవరు పక్కన పెట్టేశాను. "ఈ కార్డే తప్పు. దీన్నే మార్పిద్దాం. నేను తిరుగుతాను ఆఫీసుల చుట్టూ. నీ పేరు సొంబారి అనే రాయిద్దాం," అన్నాను.

"ఎన్ని దినాలు?"

"ఏడాది పట్టొచ్చు."

"అంతవరకు కాఫీ పళ్లు సెట్ల మీద ఆగుతాయేటి?" అంది సొంబారి. తన వేళ్లు నా ముందు చాపింది. కొనలు అరిగి నున్నగా ఉన్నాయి. "పింఛను కాడ మిసను నా ఏలు పట్టదు. పేరెట్టి పిలుత్తారు. బేగి పలక్కపోతే లైన్లో ఎనక్కి తోసేత్తారు. ఇప్పుడు సరోజినీ అంటే ఎక్కడున్నా ఇనపడతాది నాకు. నా మనవలు కూడా నన్ను ఎగతాళికి అలగే పిలుత్తారు."

తను నవ్వింది. కోడలూ నవ్వింది. నేను కవరులోంచి సంతకం పెట్టాల్సిన కాగితం తీసి చదువుకున్నాను. కింద సాక్షి పేరుకూ సంతకానికీ చోటు వదిలి, పైన ఎవరో తప్పులు లేకుండా టైపు చేశారు.

"ఏటని రాసున్నాది? సదువు," అంది సొంబారి.

"సొంబారి, సరోజిని అనే ఇద్దరూ ఒక్కరేనని. అది నాకు చిన్నప్పటి నుంచి తెలుసని."

సొంబారి చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"అబద్ధమే," అంది. "అయినా ఎట్టు. జీపు ఎల్లిపోతాది, బేగి ఎట్టు."

భారతి అని రాసి, కింద సంతకం పెట్టాను.